‘రబ్బరు పడదు’ అంటే వినాల్సిందెవరు?

స్త్రీల ఆరోగ్యం గురించి మన సంఘాల్లో, సభల్లో చాలా మాట్లాడుకున్నాం. రక్తహీనత, కాన్పులు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, గర్భసంచి తీసివేతలు, పనిచేసే చోట వచ్చే జబ్బులు - వీటన్నిటి మీదా కరపత్రాలు వేశాం, ధర్నాలు చేశాం. ఇన్ని చర్చల్లోనూ రబ్బరు ప్రస్తావన రాలేదు. కాన్పు చేసే చేతికి తొడిగిన గ్లౌజు రబ్బరుదే. మూత్రం కోసం వేసే గొట్టం, సూది వేసేముందు చేతికి బిగించే పట్టీ, ఉచితంగా పంచే నిరోధ్, పసిపిల్ల నోట్లో పాలపీక, లంగా నడుముకు కుట్టిన ఎలాస్టిక్ - వీటిలో చాలావాటికి మూలం రబ్బరు చెట్టు పాలే. ఆ రబ్బరు కొందరి ఒంటికి పడదు. కొందరికి అది దురదతో ఆగుతుంది. మరికొందరికి ఊపిరాడక ప్రాణం మీదికి వస్తుంది.

నేను ఆ రెండో రకం మనిషిని. సమాజశాస్త్రం చదువుకుని, నిజామాబాద్‌లో ఉంటూ, బోధన్ చుట్టుపక్కల చెరకు ఊళ్ళలో స్త్రీల శ్రమ గురించి చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. నా జబ్బు కథ చెప్పుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అవసరమైనంత మేరకే దాన్ని ఇక్కడ వాడుకుంటాను. రబ్బరుకు దూరంగా ఉండే పని ఇవాళ పూర్తిగా జబ్బు మనిషి నెత్తిన, అందులోనూ ఆడమనిషి నెత్తిన పడింది. ఆ పని ఆసుపత్రిది, పని ఇచ్చే యజమానిది, ప్రభుత్వానిది కావాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

పడకపోవడం అంటే ఏమిటి?

రబ్బరు చెట్టు పుట్టిల్లు అమెజాన్ అడవులు. మన దేశంలో ఎక్కువగా కేరళలో పెంచుతారు. దాని బెరడు గీస్తే కారే పాలను లేటెక్స్ అంటారు. ఆ పాలలో రబ్బరుతో పాటు కొన్ని ప్రోటీన్లు కూడా ఉంటాయి. మనుషులకు పడని ప్రోటీన్లు ఇప్పటికి 15 దాకా గుర్తించారు. మొదట్లో రబ్బరు ముట్టుకున్నా ఏమీ కాదు. కాని పదే పదే తగులుతుంటే కొందరి శరీరం ఆ ప్రోటీన్లను శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత ఎప్పుడు తగిలినా నిమిషాల్లో దద్దుర్లు, ముక్కు కారడం, కళ్ళు వాయడం, ఆయాసం మొదలవుతాయి. తీవ్రమైతే రక్తపోటు పడిపోయి మనిషి స్పృహ తప్పుతుంది. దీన్నే అనాఫిలాక్సిస్ అంటారు. అప్పుడు వెంటనే తొడ కండరంలోకి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి. ఈ ఎలర్జీని పూర్తిగా పోగొట్టే మందు లేదు. దూరంగా ఉండటమే దారి.

ఇందులో రెండో రకం కూడా ఉంది. గ్లౌజు సాగడానికీ గట్టిపడటానికీ కలిపే రసాయనాలు కొందరి చర్మానికి పడవు. అప్పుడు ఒకటి రెండు రోజుల తర్వాత చేతుల మీద పొక్కులు, పగుళ్ళు వస్తాయి. ఇది ప్రాణాంతకం కాదు గాని చేతులతో బతికే మనిషికి బతుకుతెరువు పోతుంది. ఈ రసాయనాలు కొన్ని నైట్రైల్ గ్లౌజుల్లో కూడా ఉంటాయి కాబట్టి గ్లౌజు మార్చినా మంట తగ్గలేదంటే ఈ రకాన్ని అనుమానించాలి. ఇక చెమటతో, సబ్బుతో వచ్చే మామూలు ఒరుపు ఎలర్జీయే కాదు. మూడింటికీ చికిత్స వేరు, జాగ్రత్త వేరు. మన దగ్గర మాత్రం మూడింటికీ ఒకటే గొట్టపు మందు రాసిచ్చి పంపుతారు.

రబ్బరు వస్తువులన్నీ ఒకే స్థాయిలో ప్రమాదం కావు. అచ్చును పాలలో ముంచి తీసే పల్చటి వస్తువుల్లో - గ్లౌజులు, బుగ్గలు, నిరోధ్ - ప్రోటీను ఎక్కువ. టైర్లు, చెప్పుల అడుగుల వంటి గట్టి రబ్బరులో తక్కువ. గోడలకు వేసే లేటెక్స్ పెయింటుకు ఆ పేరున్నా అందులో రబ్బరు చెట్టు పాలు ఉండవు. పాలు కారే ప్రతి చెట్టూ ఈ జబ్బుకు కారణం కాదు. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదమే, కాని అది వేరే ప్రమాదం.

ఎవరి ఒంటికి రబ్బరు ఎక్కువ తగులుతుంది?

ఈ జబ్బు ఎవరికి వస్తుందన్నది తలరాతను బట్టి తేలే విషయం కాదు. రబ్బరు ఎవరికి ఎన్నిసార్లు, ఏ విధంగా తగిలిందన్నదే ముఖ్యం. వైద్యశాస్త్రం గుర్తించిన ప్రమాద వర్గాలు ప్రధానంగా రెండు. ఒకటి, పదే పదే ఆపరేషన్లు అయినవాళ్ళు. వెన్నెముక లోపంతో పుట్టి చిన్నతనం నుంచీ ఆపరేషన్లు చేయించుకుంటూ వచ్చిన పిల్లల్లో ఈ ఎలర్జీ చాలా ఎక్కువ. రెండు, రబ్బరు గ్లౌజులతో రోజంతా పనిచేసేవాళ్ళు. 2016లో వచ్చిన ఒక అంతర్జాతీయ సమీక్ష ఆరోగ్య రంగంలో పనిచేసేవాళ్ళలో నూటికి దాదాపు 10 మందికి, సాధారణ జనాభాలో నూటికి 4 మందికి రబ్బరు పడదని లెక్కగట్టింది.

ఈ రెండు వర్గాలనూ మన జిల్లాలోకి తెచ్చి చూడండి. ఆపరేషన్లు ఎవరికి అవుతున్నాయి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం కడుపు కోసి చేసినవే. దేశం మొత్తంలో ఇది 21.5 శాతం. అదే సర్వేలో రాష్ట్రంలో పెళ్ళయిన స్త్రీలలో నూటికి 60 మందికి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. ఇందులో మగవాళ్ళ వాటా ఎంత తక్కువో మనకు తెలుసు. గర్భసంచి తీసివేతల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలో ముందు వరుసలో ఉన్నాయి. మంజీరకు అవతల మహారాష్ట్రలో బీడ్ జిల్లా చెరకు కోత కూలీ స్త్రీల గర్భసంచులు తీసేసిన సంగతి 2019లో ఆ రాష్ట్ర ప్రభుత్వమే విచారణ కమిటీ వేసేదాకా వెళ్ళింది. అంటే రెండు సిజేరియన్లు, ఒక ట్యూబెక్టమీ, ముప్పై అయిదు దాటకుండానే గర్భసంచి తీసివేత - మన ఊళ్ళలో ఇలాంటి స్త్రీలు అరుదేమీ కాదు. ప్రతిసారీ పొట్ట లోపలి పొరకు గ్లౌజు తగులుతుంది. ప్రోటీను లోపలికి పోవడానికి అంతకన్నా దగ్గర దారి లేదు.

ఇక గ్లౌజుల పని. 1987లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, ఎయిడ్స్ భయం నేపథ్యంలో, ప్రతి రోగి రక్తాన్నీ ప్రమాదకరంగానే చూడాలని సూచించింది. దాంతో ప్రపంచమంతటా గ్లౌజుల వాడకం ఒక్కసారిగా పెరిగింది. తొడగడానికి సులువుగా ఉండాలని లోపల పిండిలాంటి పొడి చల్లేవారు. ఆ పొడి ప్రోటీన్లను అంటించుకుని గాలిలోకి లేస్తుంది. గ్లౌజు తాకనివాళ్ళు కూడా దాన్ని పీల్చుతారు. మన ఆసుపత్రుల్లో దీనికి తోడు ఇంకో పని ఉండేది. వాడిన గ్లౌజులు కడిగి, తీగ మీద ఆరేసి, పౌడరు చల్లి, జతలు కట్టి మళ్ళీ స్టెరిలైజు చేసేవారు. ఆ పని చేసింది డాక్టర్లు కాదు, ఆయమ్మలు. ఏ పరిశోధనా పత్రంలోనూ వాళ్ళ ఊపిరితిత్తుల లెక్క నేను చూడలేదు.

బోధన్ ప్రాంతంలో ఇప్పుడు ఆయమ్మలుగా చేరుతున్నదెవరు? 1930ల చివర్లో శక్కర్‌నగర్‌లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారాల్లో ఒకటిగా పేరుపడింది. 2002లో దాన్ని ప్రైవేటు భాగస్వామ్యానికి అప్పగించారు. 2015 డిసెంబరులో లేఆఫ్ పేరుతో మూతపడింది. మగవాళ్ళ జీతం ఆగిపోయిన ఇళ్ళలో ఆడవాళ్ళు బీడీల చాటను ఇంకా గట్టిగా పట్టుకున్నారు. అది చాలని ఇళ్ళ నుంచి కొందరు నిజామాబాద్ బస్సెక్కి నర్సింగ్ హోముల్లో ఊడ్చే, కడిగే పనికి వచ్చారు. నేను మాట్లాడిన అలాంటి ఒకామె చేతులు చూపించి, ‘ఆకు కత్తిరించి కత్తిరించి మొదలే పగిలినయి మేడం. గీ గ్లౌజులు తొడిగితె మంట లేస్తది. తియ్యమంటె మేస్త్రి ఊకోడు’ అంది. ఆమెకు ఉన్నది రబ్బరు ఎలర్జీ అని నేను చెప్పలేను, పరీక్ష చేయనిదే ఎవరూ చెప్పలేరు. కాని చర్మం పగిలిన చేతుల్లోకి ప్రోటీను సులువుగా దిగుతుందని వైద్యులకు తెలుసు. తునికాకు, తంబాకు, గిన్నెల సబ్బు, ఫినాయిలు - ఇవన్నీ అరగదీసిన చేతికి చివరగా గ్లౌజు తొడుగుతున్నాం. బీడీలు చుట్టే ఆమెకు ఆయాసం వస్తే తంబాకు దమ్ము అంటారు. అది నిజమే కావచ్చు. కాని నర్సింగ్ హోంలో పనిచేసిన రోజే దమ్ము ఎందుకు ఎక్కువవుతోందని అడిగే డాక్టరు ఆమెకు దొరకడు.

‘దూరంగా ఉండండి’ అన్న సలహా

నా సంగతి కొంచెం చెప్పాలి. 2009లో నా రెండో కాన్పు నిజామాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సిజేరియన్‌తో జరిగింది. ఆపరేషన్ మొదలై అరగంట దాటాక నాకు రక్తపోటు పడిపోయింది, ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. నన్ను బతికించారు, అందుకు కృతజ్ఞతే. కాని డిశ్చార్జి కాగితం మీద ‘మత్తుమందు పడలేదు’ అని రాశారు. ఆ ఒక్క వాక్యం నన్ను ఏళ్ళ తరబడి తప్పుదారి పట్టించింది. పంటికి మత్తుమందు వద్దని బతిమాలుకుని నొప్పి భరించాను. అయినా దంతవైద్యుడి గ్లౌజు నోట్లోకి వెళ్ళగానే పెదవులు వాచేవి. చివరికి హైదరాబాదులో చేయించిన రక్తపరీక్షలో, చర్మపరీక్షలో కారణం రబ్బరని తేలింది. ఆపరేషన్ బల్ల మీద రబ్బరు ఎలర్జీ సాధారణంగా మత్తు ఇచ్చిన వెంటనే కాక, అరగంట నుంచి గంట లోపు, గ్లౌజులు లోపలి పొరలకు తగిలాక బయటపడుతుందని ఆ తర్వాత చదివాను. మత్తుమందు మీద అనుమానం ఉన్నప్పుడు ఎన్ని నిమిషాలకు మొదలైందో రాసిపెడితే చాలు, చాలామంది రోగులకు దారి దొరుకుతుంది.

రోగం పేరు తెలిశాక వచ్చిన సలహా ‘దూరంగా ఉండండి’. మంచి సలహానే. అది ఆచరణలో ఎలా ఉంటుందో చూడండి. లంగాలకు ఎలాస్టిక్ తీసేసి నాడా ఎక్కించుకున్నాను. లోదుస్తులకు బట్ట చుట్టిన ఎలాస్టిక్ ఉన్నవి వెతికి కొంటాను, అయినా కుట్టు ఊడి రబ్బరు బయటపడిందేమో ప్రతిసారీ చూసుకోవాలి. జడకు రబ్బరు బదులు రిబ్బను. కొత్తిమీర కట్టకు, పార్సిలు చట్నీ కవరుకు, నోట్ల కట్టకు ఉన్న రబ్బరు బ్యాండు ఎవరో తీసి ఇవ్వాలి. మిఠాయి దుకాణంలో గ్లౌజులతో అందించిన తినుబండారం తినలేను. కరోనా తర్వాత ఇది బాగా పెరిగింది. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు ఆహారం వడ్డించే చోట రబ్బరు గ్లౌజులను నిషేధించింది ఈ కారణంతోనే. పుట్టినరోజులకు, రిసెప్షన్లకు బుగ్గలు కడతారు. పది బుగ్గలు పగిలిన గదిలో నాకు ఆయాసం వస్తుంది. ‘పిల్లల సంబరానికి అడ్డం ఏందమ్మా’ అని చుట్టాలు ఒక మాట అంటారు, నేను గుమ్మం బయట కూర్చుంటాను.

తిండి కూడా మారుతుంది. రబ్బరు పడనివాళ్ళలో మూడో వంతు నుంచి సగం దాకా కొన్ని పండ్లు కూడా పడవు. వాటి ప్రోటీన్లు రబ్బరు ప్రోటీన్లను పోలి ఉండటమే కారణం. అరటి, బొప్పాయి, కివి, అవకాడో ఈ జాబితాలో ముఖ్యమైనవి. నాకు అరటిపండు పడదు. మన ఊళ్ళో తాంబూలంలో, నోములో, పరామర్శలో అరటిపండు కాదంటే ఎంత మందికి జవాబు చెప్పాలో మీకు తెలుసు. అయితే రబ్బరు పడని ప్రతివాళ్ళూ పండ్లన్నీ మానేయనక్కరలేదు. తిన్నప్పుడు నోరు దురదపెట్టిన పండును మాత్రమే మానాలి. ఉన్న కాస్త పోషకాహారాన్ని కూడా భయంతో ఆడవాళ్ళ కంచంలోంచి తీసేయకూడదు.

చెప్పుకోవడానికి సిగ్గుపడే విషయం ఒకటి ఉంది. దాన్ని ఇక్కడైనా మాట్లాడుకోవాలి. నిరోధ్ రబ్బరు పాలతో తయారవుతుంది. అది వాడిన తర్వాత మంట, వాపు వస్తున్నాయని ఏ స్త్రీ అయినా చెబితే ముందు తెల్లబట్ట మందు ఇస్తారు, తర్వాత ఆమె నడవడిక మీద చూపు పడుతుంది. ఇలాంటి మంటలన్నీ రబ్బరు వల్ల కాదు, చాలాసార్లు ఇన్ఫెక్షనే కారణం. కాని ‘నిరోధ్ వాడినప్పుడే వస్తోందా’ అన్న ఒక్క ప్రశ్న కూడా అడగరు. రబ్బరు పడనివాళ్ళకు పాలీయురెథేన్, పాలీఐసోప్రీన్ కండోములు ఉన్నాయి. స్త్రీలు వాడే కండోముల్లో నైట్రైల్‌తో చేసినవి ఉన్నాయి. ఇవి ఖరీదైనవి, చిన్న ఊళ్ళ మందుల షాపుల్లో దొరకవు, ప్రభుత్వ ఉచిత పంపిణీలో ఉన్నది మామూలు నిరోధే. దాంతో మిగిలే దారి మళ్ళీ ఆమెకే ఆపరేషన్. ఆ ఆపరేషన్‌లో మళ్ళీ రబ్బరు గ్లౌజు!

ఈ జాగ్రత్తలన్నీ పాటించగలగడానికి నాకు జీతం, చదువు, ఇంగ్లీషు లేబులు చదివే అలవాటు ఉన్నాయి. అయినా లేబులు మీద రబ్బరు సంగతి రాసి ఉంటేనే కదా చదివేది. మన నుదుటి మీది బొట్టుబిళ్ళ సంగతే చూడండి. దాని జిగురులో ఉండే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం వల్ల కొందరికి బొట్టు పెట్టుకునే చోట తెల్లమచ్చ పడుతుందని మన దేశపు చర్మవైద్యులు ఎన్నో ఏళ్ళుగా రాస్తున్నారు. అది రబ్బరు ఎలర్జీ కాదు. కాని లక్షల మంది ఆడవాళ్ళు రోజూ ఒంటికి అంటించుకునే వస్తువు మీద అందులో ఏముందో రాయాలన్న ఆలోచన ఎవరికీ రాకపోవడం మాత్రం రెండింటికీ ఒకటే. తెలుసుకునే వీలు లేకుండా చేసి, దూరంగా ఉండమనడం జాగ్రత్త చెప్పడం అనిపించుకోదు.

ఇది సాధ్యమేనా?

‘ఇది కొద్దిమంది సమస్య, పైగా ఖర్చుతో కూడింది’ అంటారు. గ్లౌజులే సరిగా ఇవ్వని చోట మంచి గ్లౌజుల గురించి మాట్లాడటం విలాసమని మన మిత్రులే అన్నారు. ఈ మాటకు జవాబు చెప్పాలి.

మొదటిది, గ్లౌజులు తీసేయమని నేను అనడం లేదు. ఉత్త చేతులతో రక్తం, మలమూత్రాలు ఎత్తమని ఏ ఆయమ్మకూ చెప్పకూడదు. రబ్బరు మంచి రక్షణే. అడుగుతున్నది పొడి లేని, ప్రోటీను తక్కువ ఉన్న గ్లౌజు, పడనివాళ్ళకు నైట్రైల్ గ్లౌజు. జర్మనీ 1990ల చివర్లో ఆసుపత్రుల్లో పొడి చల్లిన రబ్బరు గ్లౌజులను ఆపేశాక అక్కడ ఆరోగ్య కార్మికుల్లో కొత్త కేసులు బాగా తగ్గాయి. అమెరికాలో 1991లో, బేరియం ఎనిమా గొట్టాలకున్న రబ్బరు వల్ల రోగులు చనిపోయాక, ఆహార ఔషధ సంస్థ ఆసుపత్రులను హెచ్చరించింది. 1998 నుంచి వైద్య పరికరాల మీద రబ్బరు ఉంటే ఆ మాట ముద్రించడం తప్పనిసరి చేసింది. 2017 జనవరి నుంచి పొడి గ్లౌజులను నిషేధించింది. ఈ జబ్బును పూర్తిగా మాన్పలేకపోయినా కొత్తగా రాకుండా ఆపవచ్చని దీన్నిబట్టి రుజువైంది.

రెండోది, ఏ గ్లౌజు వాడాలో ప్రభుత్వం నిర్ణయించలేదని ఎవరన్నారు? 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనలను 2018లో సవరిస్తూ, క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ గ్లౌజులను 2019 మార్చి 27 లోగా మానేయాలని కేంద్రం చెప్పింది. కాల్చినప్పుడు విషవాయువులు వస్తాయన్నది కారణం. మంచిదే. గాలి కోసం గ్లౌజును మార్చగలిగినప్పుడు దాన్ని తొడిగే చేతి కోసం కూడా మార్చవచ్చు.

మూడోది, ఖర్చు. ఊరంతటికీ నైట్రైల్ అక్కరలేదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, కాన్పుల గదిలో ఒక పెట్టె నైట్రైల్ గ్లౌజులు, ఒకటి రెండు సిలికాన్ మూత్ర గొట్టాలు ఉంటే అత్యవసరానికి సరిపోతుంది. ముందే నిర్ణయించిన ఆపరేషన్ అయితే ఆ రోగిని పొద్దున మొదటి కేసుగా తీసుకోవాలి. అప్పటికి గదిలో పొడి లేచి ఉండదు. దీనికి పైసా ఖర్చు లేదు. అడ్రినలిన్ చవక మందు. టీకాలు వేసే చోట అనాఫిలాక్సిస్ కిట్ ఉండాలన్న నిబంధన ఇప్పటికే ఉంది, ఏఎన్ఎంలకు అందులో శిక్షణ కూడా ఇస్తున్నారు. అదే కిట్ కాన్పుల గదిలోనూ, ఆపరేషన్ల శిబిరంలోనూ ఉండాలి.

అన్నిటికన్నా చవకైనది ఒక ప్రశ్న: ‘నీకు రబ్బరు పడుతుందా అమ్మా? బుగ్గ ఊదినప్పుడు, గ్లౌజు తొడిగినప్పుడు, అరటిపండు తిన్నప్పుడు దురద, వాపు వచ్చాయా?’ ఈ ప్రశ్న అడగడానికి ఒక నిమిషం చాలు. ఆ ఒక్క నిమిషం మన శిబిరాల్లో ఎక్కడుంది? 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో ఒక్క రోజున 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు స్త్రీలు చనిపోయారు. అక్కడ కారణం ఇన్ఫెక్షన్, రబ్బరు కాదు. కాని ఆడవాళ్ళను వరసలో పడుకోబెట్టి లెక్క పూర్తిచేసే పద్ధతిలో ఎవరి ఒంటి చరిత్రా ఎవరూ వినరు.

వినిపించుకునే హక్కు

ఒంట్లోకి ఏం పంపిస్తున్నారో చెప్పకుండా పంపించే అలవాటును మన ఉద్యమం ఇంతకు ముందే నిలదీసింది. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగం గురించి స్త్రీలకు సరైన సమాచారం ఇవ్వడం లేదని స్త్రీశక్తి సంఘటన బయటపెట్టింది. 1986లో ఇతర స్త్రీల సంఘాలతో కలిసి సుప్రీం కోర్టుకు వెళ్ళింది. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీం కోర్టు, పరీక్ష కోసం మత్తు ఇచ్చిన స్త్రీకి ఆమె అనుమతి లేకుండా గర్భసంచి తీసేయడం తప్పని, తల్లి సంతకం ఆమె సంతకానికి బదులు కాదని చెప్పింది. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ రోగుల హక్కుల పత్రం తయారుచేసింది. 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ దాన్ని రాష్ట్రాలకు పంపింది. సమాచారం పొందే హక్కు, వైద్య రికార్డులు తీసుకునే హక్కు, సురక్షితమైన చికిత్స పొందే హక్కు అందులో ఉన్నాయి. ‘నాకు రబ్బరు పడదు’ అని రోగి చెప్పినప్పుడు దాన్ని కేసు షీటు మీద రాయడం దయ కాదు, ఆ హక్కుల్లో భాగం.

పనిచేసేవాళ్ళ విషయానికి వస్తే, పని వల్ల వచ్చే జబ్బుల జాబితాలో ‘పనిలో అంతర్భాగమైన, గుర్తింపు పొందిన ఎలర్జీ కారకాల వల్ల వచ్చే ఉబ్బసం’ 1923 నాటి పరిహార చట్టం మూడవ షెడ్యూలులోనే చేరింది. 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా ఆ జాబితాను తీసుకుంది. అంటే గ్లౌజుల పొడితో ఆయాసం వచ్చిన ఆయమ్మకు పరిహారం అడగడానికి చట్టంలో తలుపు ఉంది. కాని ఆమె కాంట్రాక్టరు కింద మనిషి. ఆమె పేరు హాజరు పట్టీలో ఉందో లేదో తెలియదు. జబ్బు పడితే మర్నాడు ఇంకొకామె వస్తుంది. హక్కు కాగితం మీదే మిగిలిపోయేది ఇక్కడే. అందుకే రబ్బరు ఎలర్జీ అంటే నాకు గ్లౌజు, గొట్టం మాత్రమే గుర్తుకు రావు. కాంట్రాక్టు పద్ధతి గుర్తుకొస్తుంది, అనవసరపు సిజేరియన్లు గుర్తుకొస్తాయి, ఆడమనిషి ‘ఒంట్లో బాగాలేదు’ అంటే ‘నాజూకు’ అని నవ్వే మన మర్యాదస్తులు గుర్తుకొస్తారు.

మనం వెంటనే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. గర్భిణుల కార్డులోనూ, ఆపరేషన్ ముందు నింపే పత్రంలోనూ రబ్బరు ప్రశ్న చేర్చమని జిల్లా వైద్యాధికారికి సంఘాల తరఫున అర్జీ పెట్టాలి. పొడి గ్లౌజుల కొనుగోలు ఆపమని, వైద్య పరికరాల మీద రబ్బరు ఉందో లేదో తెలుగులో కూడా రాయించమని రాష్ట్ర స్థాయిలో అడగాలి. ఆసుపత్రి కార్మికుల యూనియన్లు గ్లౌజుల రకాన్ని కూడా డిమాండ్ల పత్రంలో పెట్టాలి. చేతులు పగిలిన కార్మికురాలిని పని నుంచి తీసేయకుండా గ్లౌజు మార్చి పరీక్షకు పంపాలని రాయించాలి. నిజామాబాద్ ప్రభుత్వ ఆసుపత్రిలో కనీసం వారానికి ఒక రోజు ఎలర్జీ పరీక్షలు చేయాలి. హైదరాబాదు దాకా పోగలిగినవాళ్ళకే జబ్బు పేరు తెలిసే పరిస్థితి పోవాలి. పరీక్షలో రబ్బరు ఎలర్జీ తేలినవాళ్ళు ఆ మాట తెలుగులో రాసిన చీటీని లామినేషన్ చేయించి ఆధార్ కార్డుతో పాటు దగ్గర పెట్టుకోవాలి. స్పృహ తప్పినప్పుడు మన తరఫున మాట్లాడేది అదే.

ఎడపల్లి, రెంజల్, కోటగిరి, వర్ని, రుద్రూర్ వైపు పనిచేస్తున్న మిత్రులకు నాదొక విన్నపం. వచ్చే మూడు నెలల్లో మీరు వెళ్ళే ఆరోగ్య కేంద్రంలో కాన్పుల గది అల్మారా తెరిపించి చూడండి. గ్లౌజుల పెట్టె మీద ఏం రాసి ఉందో చదవండి. అడ్రినలిన్ ఉందో లేదో, దాని గడువు తేదీ ఎప్పుడో చూడండి. గ్లౌజులు తొడిగేవాళ్ళ చేతులు ఎలా ఉన్నాయో అడగండి. చూసినది ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, మన పత్రికకు పంపండి. పది కేంద్రాల కాగితాలు వస్తే వాటిని పట్టుకుని జిల్లా వైద్యాధికారి దగ్గరకు అందరం కలిసి వెళదాం.